కొత్త రాష్ట్రానికి గవర్నరంటే: ఇల్లినాయ్ రెండో గవర్నరు ఎడ్వర్డ్ కోల్స్ సంగతి

"అమెరికా పడమటికి పాకుతున్న తొలి రోజుల్లో, కొత్తగా పుట్టిన రాష్ట్రాల గవర్నర్లకి నిజంగా అధికారం ఉండేదా? వాళ్ల బతుకు ఎలా ఉండేది?" అని అడిగారు. అందరి గురించీ చెప్పలేను. ఒక్కాయన గురించి మాత్రం కాస్త గట్టిగానే చెప్పగలను, ఎందుకంటే నేను ఎమ్మెస్ చేసింది ఆయన ఊళ్లోనే. సెయింట్ లూయిస్ అవతల ఎడ్వర్డ్స్‌విల్. అక్కడి యూనివర్సిటీలో మన తెలుగు పిల్లలు బాగానే ఉంటారు. 157 నంబరు రోడ్డు మీద వ్యాలీ వ్యూ శ్మశానంలో కోల్స్ స్మారకం ఉంది. శ్మశానంలో ఉంది కదా అని అందరూ సమాధి అనుకుంటారు. ఆయన్ని పూడ్చింది ఫిలడెల్ఫియాలో. అదెందుకో తెలుసుకుందామనే నేను చదవడం మొదలుపెట్టాను.

కోల్స్ 1786లో వర్జీనియాలో బానిసలతో సేద్యం చేయించే కలిగిన ఇంట పుట్టాడు. కాలేజీలో చదువుకునేటప్పుడే, మనిషికి మనిషి సొత్తు కాకూడదని నమ్మకం కుదిరింది. తండ్రి వాటాగా కొందరు బానిసలు తన చేతికొచ్చారు. వర్జీనియా చట్టం ప్రకారం విడుదలైన బానిస ఏడాది లోపల రాష్ట్రం విడిచిపోవాలి, కాబట్టి వాళ్లని విడిపించాలంటే ముందు తానూ కదలాలి. ఈలోగా అధ్యక్షుడు మాడిసన్ దగ్గర ఆంతరంగిక కార్యదర్శి ఉద్యోగం వచ్చింది. అక్కడ ఉండగానే, 1814లో, జెఫర్సన్‌కి ఉత్తరం రాశాడు: బానిసత్వం పోవడానికి మీరే ముందుండి నడిపించాలని. పెద్దాయన, నాకు వయసైపోయింది, ఇది కుర్రాళ్ల పని, నువ్వు మాత్రం వర్జీనియా వదలకు అని జవాబిచ్చాడు. కోల్స్ ఊరుకోలేదు. ముసలితనంలోనూ బానిసత్వం పోవాలని పనిచేసిన బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ని గుర్తుచేస్తూ మళ్లీ రాశాడు. ఇరవై ఏడేళ్ల కుర్రాడు మాజీ అధ్యక్షుడికి!

1819 వసంతంలో తన బానిసల్ని తీసుకుని ఇల్లినాయ్‌కి బయల్దేరాడు. పిట్స్‌బర్గ్ దాటాక, ఒహాయో నదిలో పడవ మీదే, మీరంతా ఇక స్వతంత్రులు, నాతో వస్తారో మీ దారిన మీరు పోతారో మీ ఇష్టం అని చెప్పేశాడు. ఎడ్వర్డ్స్‌విల్‌కి వచ్చిన కుటుంబాల పెద్దలకి తలా 160 ఎకరాలు ఇచ్చాడు.

ఇక్కడ ఆయన చేరిన ఉద్యోగం ప్రభుత్వ భూముల ఆఫీసులో రిజిస్ట్రారు. పైకి గుమాస్తా పనిలా కనిపిస్తుంది గానీ సరిహద్దు రాష్ట్రంలో అంతకు మించిన కుర్చీ లేదు. కొత్తగా వచ్చిన ప్రతి రైతూ పొలం కోసం ఆ గుమ్మం తొక్కాల్సిందే. మన పల్లెల్లో తాసిల్దారు ఆఫీసు ఎలాగో అలాగ. 1822లో గవర్నరు పదవికి నిలబడేసరికి జనానికి ఆయన ముఖం తెలుసు. అయినా గెలుపు బొటాబొటీ: కోల్స్‌కి 2,854, ఫిలిప్స్‌కి 2,687, బ్రౌన్‌కి 2,443, మూర్‌కి 622. ఫిలిప్స్, బ్రౌన్ ఇద్దరూ సుప్రీంకోర్టు జడ్జీలే, బానిసత్వం వైపు ఓట్లు ఇద్దరూ పంచుకున్నారు. నా లెక్కలో ఆ చీలికే ఆయన్ని గెలిపించింది.

మీరు అడిగిన అధికారం సంగతి ఇక్కడే బయటపడుతుంది. రాజధాని వాండేలియా అప్పటికి అడవి మధ్యలో కొత్తగా వేసిన ఊరు. గవర్నరు బ్రహ్మచారి, జీతం ఏడాదికి 1,000 డాలర్లు. చట్టాల్ని ఆపే హక్కు ఆయనొక్కడిది కాదు, సుప్రీంకోర్టు జడ్జీలతో కలిసి వాడాలి. శాసనసభ ఎదురుపక్షం. 1818 రాజ్యాంగం కొత్తగా బానిసల్ని తేకూడదంది, కానీ అప్పటికే ఉన్నవాళ్లని వదల్లేదు. ఏళ్లకేళ్లు ఒప్పందాల పేరుతో వెట్టి సాగుతూనే ఉంది. పదవిలోకి వస్తూనే కోల్స్ ఇదంతా రద్దు చేయమన్నాడు. సభ రివర్సులో పోయింది. దక్షిణాది నుంచి డబ్బున్న వలసదారులు బానిసల్ని వెంటపెట్టుకుని మన మీదుగా బానిసత్వం ఉన్న మిస్సోరీకి పోతున్నారు, వాళ్లని ఇక్కడే నిలుపుకోవాలంటే బానిసత్వాన్ని ఒప్పుకునేలా రాజ్యాంగం మార్చాలి, అందుకు సమావేశం పిలవాలి అన్నారు. మూడింట రెండొంతుల మెజారిటీకి ఒక్క ఓటు తగ్గింది. దానికి ఏం చేశారో చూడండి: అప్పటికే సభలో కూర్చుని ఉన్న హాన్సెన్ అనే సభ్యుడి ఎన్నిక చెల్లదని బయటికి పంపి, ఆయన ప్రత్యర్థి షాని తెచ్చి కూర్చోబెట్టారు! ఆ రాత్రి వాండేలియా వీధుల్లో తాగి ఊరేగింపులు, గవర్నరు ఇంటి ముందు కేకలు.

చివరి మాట జనం ఓటుది. కోల్స్ తన నాలుగేళ్ల జీతం, 4,000 డాలర్లు, మొత్తం ఈ పోరాటానికి పెట్టాడు. పత్రికలో రాశాడు, రాయించాడు. ఇంగ్లండు నుంచి వచ్చి స్థిరపడ్డ మోరిస్ బర్క్‌బెక్ మారుపేరుతో రాసిన ఉత్తరాలు రైతుల దాకా వెళ్లాయి. 1824 ఆగస్టులో సమావేశం వద్దన్నవాళ్లు 6,640, కావాలన్నవాళ్లు 4,972.

మరి ఆయనకి మిగిలిందేమిటి? కేసు. విడిపించిన బానిసలు ప్రభుత్వానికి భారం కారని హామీగా ఇవ్వాల్సిన పూచీ బాండు కట్టలేదని కౌంటీ దావా వేసింది. మనిషికి 200 చొప్పున పదిమందికి 2,000 డాలర్ల జరిమానా. పదవిలో ఉన్న గవర్నరు మీద! శాసనసభ మాఫీ చేస్తే జిల్లా జడ్జి ఒప్పుకోలేదు. 1826లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళితే గానీ తెమల్లేదు. 1831లో కాంగ్రెసుకి నిలబడి ఓడిపోయాడు. మరుసటేడు ఫిలడెల్ఫియా వెళ్లిపోయి, అక్కడే పెళ్లి చేసుకుని, 1868 దాకా బతికాడు. చిన్నకొడుకు రాబర్ట్స్ మాత్రం వర్జీనియాకి తిరిగిపోయి, 1862లో రోనోక్ ద్వీపంలో దక్షిణాది సైన్యం తరఫున పోరాడుతూ చనిపోయాడు.

ఆయన్ని దేవుణ్ణి చేయక్కర్లేదు. నల్లవాళ్ల మీద కక్షకట్టిన చట్టాలు ఇల్లినాయ్‌లో ఆయన తర్వాత కూడా దశాబ్దాలు నడిచాయి, వాటిని ఆయన కదపలేకపోయాడు. కానీ మీ ప్రశ్నకి నాకు తోచిన జవాబు ఇదే: కుర్చీకి అధికారం తక్కువ, ఖర్చు ఎక్కువ. ఆ చుట్టుపక్కల చదువుకుంటున్నవాళ్లు వాండేలియా వెళ్లి రండి, ఐ-70 హైవే మీద గంట ప్రయాణం. అక్కడ చూపించే పాత శాసనసభ భవనం 1836 నాటిది, లింకన్ కూర్చున్నది. కోల్స్ నాటిది 1823 డిసెంబరులోనే కాలిపోయింది.