జేబు ఊడదీసిన చోట

అమ్మాయికి, ఆశీస్సులు.

నీ కథ నాకు చేరి మూడు వారాలైంది. మొదటిసారి చదివి విసుగొచ్చి పక్కన పడేశాను. మళ్ళీ తీశానంటే నాలుగో పేజీలో ఒక్క వాక్యం వల్ల. నీ కథలో ముసలమ్మ, చనిపోయిన భర్త కండక్టరు చొక్కాను బొంతలో వెయ్యడానికి ముందేసుకుంటుంది. ముందుగా కుట్లు విప్పి జేబు ఊడదీస్తుంది. "జేబు ఉన్నంత మేరా ఖాకీ కొత్తగా ఉంది" అని రాశావు. ఆరు మాటలు. ముప్ఫై ఏళ్ళ ఎండా, చెమటా, చాకిరేవూ అన్నీ అందులో ఉన్నాయి.

ఆ వెంటనే ఏం చేశావు? "జ్ఞాపకాలు కూడా అంతే, ఎన్నటికీ వెలిసిపోవు" అన్నావు. నా చేతిలో పెన్సిల్ ఉంది, కొట్టేశాను. కొట్టేసిన పేజీ ఇందులో పెడుతున్నాను. బాధపడితే పడు.

నీ బొంత పదకొండు చోట్ల ఇంకేదో అవుతుంది, లెక్కపెట్టాను. ఒకచోట జీవితం, ఒకచోట ఉమ్మడి కుటుంబం, ఆఖరి పేజీకి వచ్చేసరికి ఏకంగా భారతదేశం. బొంతగా మాత్రం ఎక్కడా లేదు. ముసలమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తుంది, తర్వాతి పేరాలో బొంత పూర్తయి మనవడి మీద ఉంటుంది. మధ్యలో గడిచిన మధ్యాహ్నాలు నీకు అక్కర్లేకపోయాయి. నాకు కావలసింది అవే.

ముగ్గురు పిల్లలు ఒకే బొంతలో పడుకున్నారన్నావు. చీర పొడవు అయిదున్నర మీటర్లు, పన్నా 45 అంగుళాలు. సగానికి మడిచి కుడితే వచ్చేది ఒక మనిషి బొంత. ముగ్గురికి చాలాలంటే రెండు చీరలు పక్కపక్కన చేర్చి అతకాలి. ఆ అతుకు నిలువునా గట్టులా లేస్తుంది, మధ్యలో పడుకున్నవాళ్ళ వీపు కింద రాత్రంతా ఉంటుంది. మా ఇంట్లో ఆ మధ్యలోది నేనే. నీ కథలో మధ్యలో పడుకున్నదెవరో నీకు తెలుసా?

మా అమ్మ బొంత పని పెట్టుకునేది ఎండాకాలంలో, ఆవకాయ జాడీలకు వాసెన కట్టేశాక. పాత నేత చీరల్లో ఇంకా సత్తువ ఉన్నవి రెండు ఏరేది, ఒకటి అడుక్కి, ఒకటి పైకి. మధ్యలోకి నాన్న చిరిగిన పంచెలు, మా పొట్టి లంగాలు, నలుగురిలో ఆరెయ్యలేని గుడ్డలన్నీ. కొత్త గుడ్డ ముక్క ఒక్కటి కూడా పడనిచ్చేది కాదు. గంజి వదలని బట్టలో సూది దిగదు, పైగా ఉతికినప్పుడు కొత్తది కుంచించుకుని పక్కనున్న పాతదాన్ని లాగి చింపుతుంది. సావిట్లో పరిచాక ఒక మూలకు పొత్రం, ఒక మూలకు కుంచం, ఒక మూలకు ఇత్తడి బిందె, నాలుగో మూలకు నన్నూ కూచోబెట్టేది. పొరలు జరగకుండా ముందు జానెడేసి టాకాలు. అప్పుడు అంచు దగ్గర మొదలుపెట్టి అసలు కుట్టు, వరసకీ వరసకీ వేలెడు సందు. ముడి పైకి తేలకుండా పొరల మధ్యకి గుంజెయ్యాలి. చూపుడు వేలికి చీర పీలిక చుట్టుకునేది, సాయంత్రానికి దాని మీద రక్తపు చుక్కలు రెండో మూడో ఉండేవి. ఏనాడూ దాని గురించి మాట్లాడలేదు. నేనైనా ఎందుకు చెప్తున్నానో, సరే.

ఇక నీ పిల్లి. "ముద్దుగా మ్యావుమంటూ ఒళ్ళో చేరింది" అట. బొంత పరిచి ఉన్న ఇంట్లో పిల్లి ఒళ్ళోకెందుకు వస్తుంది? సరిగ్గా సూది పోవాల్సిన చోట పడుకుంటుంది. నెడితే గోళ్ళు దించి గుడ్డతో సహా జరుగుతుంది, జానెడు టాకాలన్నీ మళ్ళీ మొదటికి. ఒక ఏడాది మా పిల్లి అటక మీది బొంతల మూటలో ఈనింది. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, రేపో మాపో మార్చేస్తుందని అమ్మ మూట ముట్టుకోలేదు, మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. అది మాత్రం కదల్లేదు. ధనుర్మాసం చలిలో మేం చాపల మీద ముడుచుకు పడుకున్నాం, పిల్లి మాత్రం నాన్న పంచెల మీద పడుకుంది.

ఈ పిల్లిని నేను కథలో పెట్టాను. 1984లో. అప్పట్లో చీరలకు ఫాల్సు కుట్టేదాన్ని, ఫాలుకు రూపాయిన్నర. తిరుగు కవరుకు స్టాంపులు ఆ డబ్బుల్లోంచే. ఇల్లు సద్దుమణిగాక కుట్టుమిషను మూత మీద కాగితాలు పెట్టుకుని రాసేదాన్ని, బల్ల అనేది మా ఇంట్లో లేదు. ఒక వారపత్రిక సంపాదకుడు కథ తిప్పి పంపాడు. అమ్మ కుట్టే పేజీన్నర చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి, "ఇందులో సంఘర్షణ ఎక్కడ?" అని అడిగాడు. పిల్లిని లేపాలా వద్దా అని ఒక ఆడమనిషి అటక కింద నిలబడి ఆలోచిస్తుంటే దాన్ని ఏమంటారో ఆయనే చెప్పాలి. ఇంకొకాయన వేసుకున్నాడు కానీ, పట్నం పాఠకులకు తెలియదని "బొంత" అన్న చోటల్లా "దుప్పటి" చేశాడు. అచ్చులో మా అమ్మ మూడు పేజీల పాటు దుప్పటి కుడుతుంది. దుప్పటి ఎవరైనా కుడతారా? మా అత్తగారి ఊళ్ళో ఆడవాళ్ళు చదివి నవ్వారు. రచయిత్రికి సూది పట్టుకోవడం రాదనుకున్నారు.

సూది కోసం సోదికెళితే పాత రంకులన్నీ బయటపడ్డాయన్నట్టు, నీ కథ నెపాన ఇవన్నీ వస్తున్నాయి. వచ్చాయి కనక ఇంకొకటి. నేను మొదలుపెట్టిన రోజుల్లో ప్రతి కథా చివర పిడికిలి బిగించాలి. ఆ తర్వాత చివర మెరుపు మెరవాలి. ఇప్పుడు కథకో అమ్మమ్మ కావాలి, ఆవిడ నుంచి మట్టివాసన రావాలి. నువ్వా పని చెయ్యలేదంటావు. రెండో పేజీలో "మట్టి పరిమళం" మూడుసార్లుంది, చూసుకో.

నీ వాక్యం నన్ను ఎందుకు పట్టుకుందో చెప్పాలి. 2002 శరదృతువులో మా అమ్మాయి పురిటికని హ్యూస్టన్ వెళ్ళాను. అక్కడి లలితకళల మ్యూజియంలో అప్పుడు బొంతల ప్రదర్శన పెట్టారు. అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లె, నది మూడువైపులా చుట్టి ఉంటుంది. బానిసలుగా పత్తిచేలల్లో చాకిరీ చేసినవాళ్ళ వంశంలోని నల్లజాతి ఆడవాళ్ళు కుట్టిన బొంతలవి. చలికి కప్పుకునేందుకు కుట్టుకున్నవాటిని తెల్లటి గోడల మీద వేలాడదీశారు. నాలుగేళ్ళ తర్వాత వాళ్ళ దేశం ఆ బొంతల బొమ్మలతో తపాలా బిళ్ళలు కూడా వేసింది. ఆ బొంతల్లో కొన్ని పొలం పని బట్టలతో కుట్టినవి. 1942లో ఒకావిడ పోయిన భర్త పని బట్టలతోనే బొంత కుట్టుకుంది. ఒక బొంతలో వెలిసి తెల్లబడ్డ నీలం బట్ట మీద అక్కడక్కడ చతురస్రాలు ముదురుగా, నిన్న కొన్నట్టున్నాయి. కావాలని వేసిన డిజైననుకున్నాను. దగ్గరికెళ్ళి చూస్తే చుట్టూ కుట్టు ఊడిన బెజ్జాలున్నాయి. జేబులుండిన చోట్లు. పసిపిల్లని ఎత్తుకుని మా అమ్మాయి వెళ్దామంటోంది, నాకు కాలు కదల్లేదు.

ఇరవై ఏళ్ళకు పైగా నేను ఆ జేబుల్ని ఒక్క కథలోనూ పెట్టలేకపోయాను. నువ్వు ఆ గోడ చూడకుండానే రాసేశావు. అసూయ పడ్డానని ఒప్పుకుంటాను. అందుకే, జ్ఞాపకాలు వెలిసిపోవని నువ్వు చెప్పేసరికి అంత కోపం వచ్చింది. మ్యూజియంలో గోడ పక్కన ఒకడు నిలబడి "అమ్మా, ఇది ప్రేమ" అని నాకు వివరించినట్టుంది.

చిన్నవి కొన్ని. "తెల్లవారుతుండగా బీరపూలు పసుపుపచ్చగా విచ్చుకున్నాయి" అన్నావు. బీరపువ్వు విచ్చేది సాయంత్రం. పొద్దున విచ్చేది నేతిబీర. నీ పెరట్లో ఉన్నది నేతిబీరైతే ఆ మాటే రాయి, కానీ తర్వాతి పేజీలో ముసలమ్మ గరుకు ఈనెలు చెక్కుతోంది, అవి నేతిబీరకు ఉండవు. పాదు దగ్గరికి సాయంత్రం ఒకసారి వెళ్ళి నిలబడు. సంజెవేళ, సూది బెజ్జం కనపడక ముసలమ్మ కుట్టు ఆపే సమయానికే ఆ పూలు విచ్చుతాయి. నీకు ఆ గంట ఊరికే దొరికింది, వాడుకోలేదు.

వంట "ఘుమఘుమలు" తీసెయ్. కుట్టుపని ఉన్న రోజు ఎవరూ సాంబారు తాళింపులు పెట్టుకోరు, నూనె చేత్తో గుడ్డ ముట్టుకోకూడదు. పొయ్యి మీద పప్పు పడేస్తారు. బీరకాయ చెక్కిన పొట్టు పారెయ్యకుండా పచ్చడి చేస్తుంది కదా నీ ముసలమ్మ, అది బావుంది. చిరిగిన పంచె పారెయ్యని చెయ్యే అది. ఈ ముక్క మాత్రం కథలో రాయకు, నీకు చెప్పాను, చాలు.

నువ్వడిగిన ప్రశ్నల కాగితం కళ్ళజోడు పెట్టెలో పెట్టి ఎక్కడో మరిచిపోయాను. కలంపేరు పెట్టుకోవాలా అన్నది ఒకటి గుర్తుంది. పెట్టుకో, మానుకో, బొంతకేం. పోటీలకు పంపమంటారా అని కూడా అడిగినట్టున్నావు. ఆ సంగతి నన్ను అడక్కు, ఇంకో నాలుగు పేజీలవుతుంది.

ఒక్క సంగతి మాత్రం నువ్వే నాకు చెప్పాలి. ఊడదీసిన ఆ జేబు ఏమైంది? ఆవిడ పారేసే మనిషి కాదని నాలుగు పేజీలు చదివిన నాకే తెలుసు. టిక్కెట్ల చిల్లర మోసిన జేబు, గట్టి గుడ్డ. పోపుల డబ్బా తుడవడానికి వాడిందా, విత్తనాలు పోసి మూతి కుట్టి చూరులో దోపిందా, లేక బొంత లోపల పొరల మధ్య ఎవరికీ కనపడకుండా వేసి కుట్టేసిందా? కనుక్కుని రాసి పంపు. తిరుగు కవరు పెట్టక్కర్లేదు.