పిల్లల పుట్టినరోజు గిఫ్టులకూ చదివింపుల లెక్కేనా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్. పాప యూకేజీ. నెలకు రెండు మూడు బర్త్‌డే పార్టీలు ఉంటాయి. పోయిన నెల 250 రూపాయల కలర్ పెన్సిళ్ల సెట్ ఇస్తే ఆ బాబు అందరి ముందూ విప్పి ‘ఇంతేనా?’ అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. వచ్చే నెల మా పాపకు ఆరేళ్లు నిండుతాయి. అందరికీ పెట్టాం కాబట్టి అందర్నీ పిలవాలంటారు అత్తయ్యగారు. ‘గిఫ్టులు వద్దు’ అని మెసేజ్ పెట్టేద్దామంటారు మావారు. పాపేమో ఎవరు ఏం తెస్తారో ఇప్పటినుంచే లెక్కపెడుతోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ ‘ఇంతేనా?’ సంగతి. ఐదారేళ్ల పిల్లలకు నిరాశ దాచుకోవడం ఇంకా సరిగ్గా రాదు. వాడు మీ స్తోమతను తూచలేదు. ప్యాకెట్‌లో కారు ఉంటుందనుకున్నాడు, లేదు, అంతే. అంతమంది ముందు ప్యాకెట్లు విప్పించడమే అక్కడ జరిగిన పొరపాటు. మీ ఇంట్లో మాత్రం వచ్చినవి వచ్చినట్టే లోపలి గదిలో పెట్టి తలుపు వేసేయండి. మర్నాటి నుంచి రోజుకు రెండు చొప్పున విప్పనివ్వండి. ఒకేసారి విప్పితే పదో ప్యాకెట్‌కు వచ్చేసరికి మొదటిది ఎవరిచ్చారో పాపకు గుర్తుండదు.

అత్తయ్యగారి మాట తీసిపారేయదగ్గది కాదు. పెళ్లిలో 116, 516, 1,116 అంటూ పేరు పేరునా చదివింపులు రాసుకున్నది ఒక ఇంటి మీద పడ్డ ఖర్చును నలుగురూ పంచుకోవడానికి. రేపు వాళ్లింట్లో కార్యమైతే తిరిగి పెట్టడానికి. పిల్లల పార్టీలో ఆ అవసరమే లేదు. పైగా వాళ్లు కేకూ సమోసా పెట్టి, వెళ్లేటప్పుడు రిటర్న్ గిఫ్ట్ చేతికిచ్చి పంపారు కదా! లెక్క ఆ సాయంత్రమే తీరిపోయింది. ఆవిడతో ఈ మాటే అనండి. పొద్దున తలంటు, హారతి, అక్షింతలు, పాయసం ఆవిడ చేతికి అప్పగించండి. బంధువులు పాప చేతిలో పెట్టే డబ్బు కిడ్డీ బ్యాంకులోకి వెళ్తుంది. సాయంత్రానికి పదిమంది పిల్లలు చాలు, రెండు గంటలు చాలు.

మీవారి ‘గిఫ్టులు వద్దు’ వినడానికి బాగుంటుంది కానీ పనిచేయదు. సగంమంది నమ్మి ఉత్త చేతులతో వస్తారు, మిగతావాళ్లు పెద్ద డబ్బాలతో దిగుతారు. నమ్మినవాళ్లకే గుమ్మంలో ఇబ్బంది. వద్దనే బదులు ఏం తేవాలో చెప్పండి. పది రోజుల ముందు, స్కూల్ గ్రూపులో కాకుండా పిలిచేవాళ్లకు విడివిడిగా ఇలా పంపండి: ‘గిఫ్టుకు బదులు 100 రూపాయల లోపు కథల పుస్తకం ఒకటి పేపర్లో చుట్టి తెండి. వెళ్లేటప్పుడు పిల్లలు తలా ఒకటి తీసుకెళ్తారు.’ గిఫ్టూ రిటర్న్ గిఫ్టూ రెండూ అందులోనే అయిపోతాయి. మీరు నాలుగు పుస్తకాలు అదనంగా చుట్టి ఉంచండి. మర్చిపోయేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు, వెంట తమ్ముళ్లూ చెల్లెళ్లూ వస్తారు. అయినా ఎవరైనా పెద్ద బొమ్మ తెస్తే గుమ్మంలో బతిమాలించుకోకండి. తీసుకుని లోపల పెట్టేయండి.

పాప విషయానికి వస్తే, కోరుకునే హక్కు తనకు ఉంది, కానీ అడగాల్సింది మిమ్మల్ని. మీ బడ్జెట్‌లో ఒక్క వస్తువు ఎంచుకోనివ్వండి. అది అమ్మానాన్నల దగ్గర్నుంచి తప్పక వస్తుందని తెలిస్తే వచ్చేవాళ్ల చేతుల వైపు చూడటం తగ్గుతుంది. రెండు రోజుల ముందు ఓ ఆట ఆడించండి: బంగాళాదుంప, గరిటె, తన పాత బొమ్మ పేపర్లో చుట్టి ఇవ్వండి. ఏది బయటపడ్డా ‘థాంక్యూ ఆంటీ’ అనాలి, ‘ఇది నా దగ్గరుంది’ అనకూడదు. నవ్వుకుంటూ నేర్చుకుంటుంది. నీతిబోధ అక్కర్లేదు.

ఇక మీరు వెళ్లే పార్టీలు. ఏడాదికి 30 అనుకుంటే, 250 చొప్పున 7,500 రూపాయలు. మొహమాటానికి 500 చేస్తే 15,000. క్లాసు పిల్లలకు 200, ప్రాణస్నేహితులు ఇద్దరు ముగ్గురికి 400 అని మీరిద్దరూ ఒక అంకె అనుకుని దానికే కట్టుబడండి. బడ్జెట్ తప్పేది చాలావరకు పార్టీ రోజు సాయంత్రం ఆదరాబాదరాగా దుకాణానికి పరిగెత్తడం వల్లే. అయిదారు ఒకేసారి కొని బీరువాలో పెట్టుకోండి. బొమ్మలైతే ఐఎస్ఐ గుర్తు చూడండి, 2021 జనవరి నుంచి అది తప్పనిసరి. బటన్ బ్యాటరీ మూతకు స్క్రూ లేని బొమ్మ కొనకండి, ఆ బ్యాటరీ మింగితే ప్రాణం మీదికొస్తుంది. నెలకు మూడు పిలుపులొస్తే ఒకటి మానేసినా తప్పులేదు. ‘ఆ రోజు కుదరడం లేదండీ, బాబుకు మా ఆశీస్సులు’ అంటే సరిపోతుంది, కారణాలు కల్పించి చెప్పక్కర్లేదు.

ఆ ‘ఇంతేనా?’ అన్న బాబును కూడా పిలవండి. వాళ్లమ్మ ఆ రోజు మీకన్నా ఎక్కువే సిగ్గుపడి ఉండొచ్చు.