తొలి షూటింగ్ పోటీకి ముందు పిస్టల్ దించడం నేర్చుకోండి

కదులుతూ కాల్చే ప్రాక్టికల్ షూటింగ్‌లో మొదటిసారి పోటీకి దిగేవారు ఎలా సిద్ధం కావాలని మీరు అడిగారు. కర్నూలులో నేను నేర్చుకున్నది నిలబడి కాల్చే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ మాత్రమే. అయినా తొలి పోటీలో మనిషిని ముంచేది రెండింటిలోనూ తొందరే అన్నది నా గట్టి నమ్మకం కాబట్టి జవాబు రాస్తున్నాను.

నా మొదటి జిల్లా పోటీకి మూడు నెలల ముందు నుంచి నేను చేసిన సాధన అంతా పది కొట్టడం గురించే. ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది వలయం 11.5 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు చొక్కా గుండీ అంత. రోజూ సాయంత్రం పదులు లెక్కపెట్టుకొని సంతోషంగా ఇంటికి పోయేవాడిని. మా కోచ్ మాత్రం వెనక నిలబడి "దించప్పా, దించు" అని పదే పదే అనేవారు. చెయ్యెత్తాక ఏడెనిమిది సెకన్లలో షాట్ పోకపోతే పిస్టల్‌ను బల్ల మీదికి దించి, ఊపిరి తీసుకొని మళ్లీ ఎత్తమని ఆయన ఉద్దేశం. ఎత్తినదాన్ని కాల్చకుండా దించడం నాకు నామోషీగా ఉండేది.

పోటీ మే నెలలో, రేకుల కప్పు ఉన్న హాల్లో జరిగింది. కాగితపు టార్గెట్ల మీద 60 షాట్లకు 90 నిమిషాల సమయం ఇచ్చారు. ముప్పయ్యారు షాట్లు బాగానే పోయాయి. పక్క లేన్‌లో ఇంటర్ చదివే పిల్లవాడు అప్పటికే ముగించి పెట్టె సర్దుకుంటున్నాడు, అది నా కంట పడింది. ముప్పయ్యేడో షాట్‌కు చెయ్యెత్తి ట్రిగర్ సగం నొక్కాను, వేలు అక్కడే బిగుసుకుపోయింది. పది సెకన్లు దాటాయి, అరచేతి చెమటకు చెక్క పిడి జారుతోంది. గురి చూసేందుకు గొట్టం చివర ఉండే ముందు సైట్ స్పష్టంగా, టార్గెట్ మసకగా కనిపించాలి. నాకు అది తారుమారైంది. కోచ్ మాట చెవిలో మోగుతూనే ఉన్నా దించలేదు, గుంజేశాను. టార్గెట్ కార్డు తీగ మీద ఊగుతూ వెనక్కి వచ్చేసరికి మధ్యలోని నల్లటి గుండ్రానికి బయట, ఎడమ పక్క కింద, గడియారంలో ఏడు అంకె ఉండే చోట చిల్లు కనిపించింది. అది అయిదు. ఆ కోపంలో తరువాతివి ఆరు, ఏడు. మొత్తం 600కు 487 వచ్చింది. ఆ ఒక్కసారి దించి ఉంటే 500 దాటేవాడినని ఇప్పటికీ వాదిస్తాను. మూడూ పదులే అయినా కలిసేది పన్నెండే, 499 దగ్గర ఆగేవారని నా భార్య లెక్క చెబుతుంది.

ఆ తరువాత ఇంట్లో ఖాళీ తెల్ల గోడ ముందు, పెల్లెట్ లేకుండా డ్రై ప్రాక్టీస్ మొదలుపెట్టాను. ఇరవై సార్లు ఎత్తితే అయిదు సార్లు కావాలనే దించేవాడిని. కిటికీలోంచి చూసిన పక్కింటాయన "లైసెన్సు ఉందా సామీ?" అని అడిగారు. 0.177 అంగుళాల కాలిబర్, 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ పిస్టల్‌కు లైసెన్సు అక్కరలేదని చెప్పినా ఆయన నమ్మలేదు. రాయలసీమలో తుపాకీ అనగానే సుమోలు, ఫ్యాక్షన్ తప్ప మరొకటి తోచకుండా చేసిన సినిమాల వాళ్లను నేను క్షమించలేను.

ఇక మీ పోటీ సంగతికి వస్తే, అక్కడ వచ్చిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగిస్తారు. టార్గెట్ మధ్యనున్న 'ఎ' భాగంలో తగిలితే 5 పాయింట్లు, పూర్తిగా తప్పితే ఆ 5 పోవడమే కాక మరో 10 కోత పడుతుంది. 20 సెకన్లలో 100 పాయింట్లు తెచ్చుకున్నవారికి 5 వస్తుంది. మూడు సెకన్లు మిగుల్చుకోబోయి ఒక్క షాట్ తప్పినవారికి 85ను 17తో భాగించినా అదే 5 వస్తుంది. పరుగెత్తి సాధించినది ఏమీ లేదు. అడుగు వేసేటప్పుడు వేలు ట్రిగర్ గార్డు, అంటే ట్రిగర్ చుట్టూ ఉండే కమ్మీ, లోపల ఉన్నా, గొట్టం మూతి అనుమతించిన కోణం దాటినా నేరుగా పోటీ నుంచి తీసివేస్తారు. అందుచేత ఇంట్లో తుపాకీ ఖాళీగా ఉందని ఒకటికి రెండుసార్లు చూసుకొని, నడక మొదలయ్యేలోగా వేలు బయటికి రావడం, సైట్ కనబడేదాకా వేలు ఆగడం, ఈ రెండే నెల రోజులు సాధన చేయండి. వేగం గురించి ఆ నెల ఆలోచించనే వద్దు.

రెండో పోటీలో నేను పద్నాలుగు సార్లు దించాను. చివరి షాట్ 88వ నిమిషంలో పోయింది, 521 వచ్చింది. చివరి కార్డులోని ఆరును చూసి కోచ్, "ఇంకోసారి దించింటే బాగుండు కదప్పా" అన్నారు.