రిపేరుకిచ్చిన డీజిల్ పంపును మెకానిక్ ఆపేసుకోవచ్చా?

ప్రశ్న: మాది 1996 మోడల్ ట్రాక్టరు. వేడెక్కితే స్టార్ట్ కావడం లేదని డీజిల్ పంపు విప్పి టౌన్లో పంపు షాపులో ఇచ్చాను. పంపు లోపల డీజిల్‌ను ఒత్తిడితో నెట్టే ఎలిమెంట్లు, డెలివరీ వాల్వులు మార్చామని 16 వేలు తీసుకున్నారు. తెల్లచీటీ మీద అంకె రాసిచ్చారు తప్ప బిల్లు లేదు. కొన్నాళ్లకే ఇంజిన్ ఆయిల్లో డీజిల్ కలవడం మొదలైంది. మళ్లీ పట్టుకెళ్తే నన్ను అడక్కుండానే ఏదో పని చేసి ఇంకో 7 వేలు అంటున్నారు. మా తమ్ముడి ట్రాక్టరు నాజిళ్ల పాత బాకీ 4 వేలు కూడా కడితేనే పంపు ఇస్తారట. దుక్కుల సమయం, టెన్షన్‌గా ఉంది. ఊళ్లో కిరాయికి కూడా దున్నుతాను. కేసు వేయొచ్చా? - ఓ రైతు

జవాబు: వేయొచ్చు. అయితే ముందు పంపు చేతికి రావాలి, సాక్ష్యం చెడిపోకూడదు.

చేసిన పనికి కూలి రాకపోతే వస్తువును ఆపుకునే హక్కు పనివాడికి ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 చెప్పేది అదే. అందులో ఇచ్చిన ఉదాహరణ సానబెట్టడానికిచ్చిన వజ్రం, మీ విషయంలో అది పంపు. కానీ ఆ హక్కు ఆ వస్తువు మీద, మీరు చెప్పిన పనికి న్యాయంగా రావాల్సిన డబ్బు వరకే. పాత బాకీలన్నీ కలిపి వస్తువు పట్టుకునే హక్కు సెక్షన్ 171 కింద బ్యాంకుల్లాంటి కొందరికే ఉంది, మెకానిక్‌కు లేదు. తమ్ముడి 4 వేలకు మీ పంపు ఆపడం కుదరదు.

ఆ 7 వేల సంగతి వేరు. మీరు చెప్పని పని, పైగా వాళ్ల మొదటి రిపేరులో లోపాన్ని సరిదిద్దే పని అయితే డబ్బు అడిగే హక్కు బలహీనమే. అయినా సీజన్లో వాదించుకుంటూ కూర్చోవద్దంటాను. 'అభ్యంతరంతో చెల్లిస్తున్నాను' అని చీటీ మీద రాసి, ఫోన్‌పేలోనో బ్యాంకు ద్వారానో కట్టి పంపు తెచ్చుకోండి. నగదు వద్దు. మార్చామన్న పాత ఎలిమెంట్లు అడిగి తీసుకోండి. బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే, కాబట్టి గట్టిగా అడగండి.

తెచ్చిన వెంటనే బిగించకండి. పంపు సీళ్లు ఫొటోలు తీసి, టెస్ట్ బెంచ్ (పంపును పరీక్షించే యంత్రం) ఉన్న మరో షాపులో వాళ్లు విప్పకముందే చెక్ చేయించి, లీకేజీ, ఒక్కో సిలిండర్‌కు వెళ్తున్న డీజిల్ లెక్క కాగితం మీద రాయించుకోండి. ఇంజిన్లో ఉన్న ఆయిల్ ఇంకా మార్చకపోతే, డ్రైన్ చేసేటప్పుడు లీటరు శుభ్రమైన సీసాలో పట్టి ఇద్దరు సాక్షుల సంతకాలతో దాచండి. డిప్‌స్టిక్ మీద మట్టం గుర్తు దాటిన ఫొటో ఉంటే ఇంకా మంచిది. పల్చబడ్డ ఆయిల్‌తో మాత్రం ఇంజిన్ తిప్పొద్దు. బేరింగులు పోతే 'తెలిసీ నడిపాడు' అని అవతలివాళ్లు మీ మీదే పెడతారు.

కిరాయికి దున్నుతున్నారు కాబట్టి 'ఇది వ్యాపారం, మీరు వినియోగదారు కారు' అనే వాదన తప్పక వస్తుంది. భయపడక్కర్లేదు. జీవనోపాధి కోసం స్వయంగా నడుపుకునేవాళ్లకు చట్టంలోనే మినహాయింపు ఉంది. లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా ఆ రక్షణ పోదని చెప్పింది. నాలుగు ట్రాక్టర్లు, జీతానికి డ్రైవర్లు ఉన్నవారైతే నేను ఇంత ధైర్యంగా చెప్పలేను.

2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, షాపు వేరే జిల్లాలో ఉన్నా సరే. గడువు రెండేళ్లు. మీ కేసులాంటి చిన్న మొత్తాలకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు (మా వృత్తికి నష్టమే అనుకోండి). ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, షాపుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఈ రెండిటికే చాలామంది దిగొస్తారు. పంపు అసలు ఇవ్వకపోతే మధ్యంతర ఉత్తర్వు (కేసు తేలేలోపే ఇచ్చే ఆదేశం) కోరే వీలు కూడా ఉంది. షాపులోకి వెళ్లి లాక్కొచ్చే ఆలోచన మాత్రం వద్దు, కేసు మీ మీదకు తిరుగుతుంది.

పంట నష్టం మొత్తం అడగాలని ఉంటుంది. అది రావడం కష్టం, దూరపు నష్టాలను చట్టం ఒప్పుకోదు. ఈలోగా అద్దెకు తెచ్చిన ట్రాక్టరు ఖర్చును రసీదుతో అడగొచ్చు. 'దుక్కుల టైమ్, ఆలస్యమైతే కిరాయి ట్రాక్టరు పెట్టుకోవాలి' అని ఈ రోజే షాపుకు వాట్సాప్‌లో రాసి పెట్టండి, వాళ్లకు ముందే తెలుసనడానికి అదే ఆధారం.