సిల్క్‌బోర్డు దాటకుండా స్విచ్ దగ్గరికి: కన్సోల్ సర్వర్ ప్రశ్నలు

ప్రశ్న: మా ఆఫీసు ఎలక్ట్రానిక్స్ సిటీలో, ఇల్లు కేఆర్ పురంలో. ఆఫీసులో ఒక సిస్కో రౌటర్, ఒక ఫైర్‌వాల్, నాలుగు స్విచ్‌లు ఉన్నాయి. ఇంటి నుంచి ఏదో మారుస్తుంటే లింక్ పోయిందంటే, ఏ వేళైనా సరే బండి తీసి ట్రాఫిక్‌తో కిక్కిరిసే సిల్క్‌బోర్డు కూడలి మీదుగా పరుగెత్తాల్సిందే. ఇప్పుడు 8 పోర్టుల కన్సోల్ సర్వర్, 4జీ మోడెమ్ ఉన్నది, కొనిచ్చారు. ఇలాంటిది నేనెప్పుడూ పెట్టలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, కేఆర్ పురం, బెంగళూరు

జవాబు: కన్సోల్ సర్వర్ అంటే ప్రతి పరికరం కన్సోల్ పోర్టుకు (నెట్‌వర్క్‌తో పని లేకుండా దాన్ని నేరుగా ఆడించే సీరియల్ పోర్టుకు) తీగతో కలిసి, దూరం నుంచి ఆ పోర్టులను తెరవనిచ్చే పెట్టె. ఆ పెట్టెను ర్యాక్‌లో బిగించే ముందు కాగితం మీద ఒక గీత గీయండి. మీ ఇంటి ల్యాప్‌టాప్ నుంచి కన్సోల్ సర్వర్ దాకా దారి ఏయే పరికరాల గుండా వెళ్తుందో వరసగా రాయండి. ఆ వరసలో మీ ఫైర్‌వాల్ గానీ, కోర్ స్విచ్ (మిగతా స్విచ్‌లన్నీ వచ్చి కలిసేది) గానీ ఉంటే ఆ దారి పనికిరాదు. కన్సోల్ సర్వర్ ఈథర్నెట్ తీగను తీసుకెళ్లి ఆఫీసు స్విచ్‌లోనే గుచ్చేసి పని అయిపోయిందనుకోవడం మొదటిసారి పెట్టేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు. ఫైర్‌వాల్ బాగున్నన్నాళ్లూ అంతా పనిచేస్తుంది. అది పడిపోయిన రాత్రి, సరిగ్గా అవసరం పడ్డప్పుడే, కన్సోల్ సర్వర్ కూడా కనబడకుండా పోతుంది.

మీ పెట్టెలో 4జీ ఉంది కాబట్టి రెండో దారి చేతిలోనే ఉంది. కాకపోతే మామూలు మొబైల్ సిమ్‌కు వచ్చే ఐపీవీ4 అడ్రసు ఆపరేటరు లోపలిది, చాలామంది పంచుకునేది. బయటి నుంచి దానికి కనెక్ట్ కాలేరు. అందుకని కన్సోల్ సర్వరే లోపలి నుంచి బయటికి వీపీఎన్ (ఇంటర్నెట్ మీద గుప్తంగా నడిచే సొంత దారి) తెరిచి పెట్టుకోవాలి. క్లౌడ్‌లో ఒక చిన్న వీఎం (అద్దె వర్చువల్ కంప్యూటర్) తీసుకుని దాని మీద వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ పెట్టండి. యూడీపీ పోర్టు మామూలుగా 51820. కన్సోల్ సర్వర్ వైపు పర్సిస్టెంట్ కీపెలైవ్ (దారి తెరిచి ఉంచడానికి అప్పుడప్పుడూ పంపే చిన్న ప్యాకెట్) 25 సెకన్లు ఇవ్వండి, లేకపోతే ఆపరేటరు వైపు దారి కాసేపటికే మూసుకుపోతుంది. ఈ కీపెలైవ్‌కు రోజుకు 1 ఎంబీ డేటా కూడా పట్టదు. మీ మోడల్‌లో వైర్‌గార్డ్ లేకపోతే ఓపెన్‌వీపీఎన్ గానీ ఐపీసెక్ గానీ వాడండి. ఏది వాడినా వీపీఎన్ రెండో కొస మాత్రం అదే ఆఫీసు ఫైర్‌వాల్ వెనక ఉండకూడదు. అడ్రసు కూడా పేరుతో కాకుండా ఐపీతోనే ఇవ్వండి, డీఎన్ఎస్ (పేర్లను ఐపీలుగా మార్చే సేవ) పోయినా పని ఆగదు.

యాంటెన్నా ర్యాక్ బయటికి రావాలి. ఇనుప తలుపు తెరిచి సిగ్నల్ చూసి సంతోషపడితే లాభం లేదు, తలుపు మూసి చూడండి. ఆర్ఎస్ఆర్‌పీ (4జీ సిగ్నల్ బలం కొలత) మైనస్ 110 డీబీఎం కంటే కిందికి పడుతుంటే యాంటెన్నాకు పొడవాటి కేబుల్ వేసి కిటికీ వైపు జరపండి. ప్రీపెయిడ్ సిమ్ అయితే రీచార్జ్ తేదీ క్యాలెండర్‌లో వేసుకోండి. నెలల తరబడి ఎవరూ ముట్టని సిమ్ కాబట్టి అది ఆగిపోయిన సంగతి అవసరం పడినప్పుడే తెలుస్తుంది.

ఇక కేబుళ్లు. ఇక్కడే గంటలు కరిగిపోతాయి, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. సిస్కో ఆర్‌జే-45 కన్సోల్ పోర్టులో 3వ పిన్ను పంపేది, 6వ పిన్ను అందుకునేది, 4, 5 గ్రౌండ్. కన్సోల్ సర్వర్ పోర్టులోనూ ఇదే వరస ఉండి, మీరు మామూలు ప్యాచ్ కార్డ్ వేస్తే, పంపే పిన్ను వెళ్లి పంపే పిన్నుకే తగులుతుంది. రెండు వైపులా మాట్లాడేవాళ్లే, వినేవాళ్లు ఉండరు. దానికి రోల్‌ఓవర్ కేబుల్ కావాలి: 1 వెళ్లి 8కి, 2 వెళ్లి 7కి, 3 వెళ్లి 6కి, 4 వెళ్లి 5కి. కొన్ని కన్సోల్ సర్వర్లు ఈ తిప్పడం పెట్టె లోపలే చేసేస్తాయి. వాటికి మామూలు ప్యాచ్ కార్డే సరైనది, రోల్‌ఓవర్ వేస్తే మళ్లీ తారుమారవుతుంది. కన్సోల్ సర్వర్లు తయారుచేసే ఓపెన్‌గేర్ 'సిస్కో స్ట్రెయిట్' అని చెప్పే పిన్‌అవుట్ (ఏ పిన్ను దేనికో చెప్పే వరస) ఇలాంటిదే. మీ మోడల్ మాన్యువల్‌లో పిన్‌అవుట్ పట్టిక చూడకుండా ఒక్క కేబుల్ కూడా కొనకండి.

చేతిలో ఉన్నది రోల్‌ఓవరో కాదో చూడాలంటే రెండు ప్లగ్గులనూ పక్కపక్కన, నొక్కే మడత రెండింటికీ ఒకే వైపు ఉండేలా పట్టుకోండి. రంగులు ఒక ప్లగ్గులో ఎడమ నుంచి కుడికి ఎలా ఉన్నాయో రెండోదాంట్లో కుడి నుంచి ఎడమకు అలాగే ఉంటే రోల్‌ఓవర్. మీరే క్రింప్ చేసుకుంటే ఒక కొసన తెల్లనారింజతో మొదలుపెట్టి గోధుమరంగుతో ముగించండి, రెండో కొసన గోధుమతో మొదలుపెట్టి అదే వరసను తిరగేయండి. పొడవు 15 మీటర్లు దాటనివ్వకండి. రెండు కొసలకూ 'పోర్ట్ 3, కోర్ స్విచ్, కన్సోల్' అని చీటీ అంటించండి. ర్యాక్ వెనక ఇది అచ్చం నెట్‌వర్క్ కేబుల్‌లాగే ఉంటుంది, రేపు ఎవరో వచ్చి మంచి ఉద్దేశంతోనే పీకేస్తారు.

పోర్టు సెట్టింగులు: సిస్కో, జునిపర్, అరిస్టా, ఫోర్టినెట్ పరికరాలు పెట్టె తెరిచినప్పుడు మామూలుగా 9600 బాడ్ (సీరియల్ లైను వేగం), 8 డేటా బిట్లు, ప్యారిటీ లేదు, 1 స్టాప్ బిట్, ఫ్లో కంట్రోల్ లేదు. మైక్రోటిక్ రౌటర్‌బోర్డులు ఎక్కువగా 115200. తెర మీద ప్రశ్నార్థకాలూ చుక్కలూ కలిసిన చెత్త వస్తుంటే కేబుల్ బాగుందని, బాడ్ రేటు తప్పని అర్థం. ఏమీ రాకపోతే ముందు కేబుల్‌నే అనుమానించండి.

పాస్‌వర్డుల దగ్గర ఒక మెలిక ఉంది. మీ స్విచ్‌ల లాగిన్ టకాక్స్ సర్వర్ (పరికరాలన్నిటి పాస్‌వర్డులనూ ఒకేచోట సరిచూసేది) మీద ఆధారపడి ఉంటే, నెట్‌వర్క్ పోయినప్పుడు ఆ సర్వరూ అందదు. కన్సోల్ దాకా వచ్చి గుమ్మం దగ్గర నిలబడిపోతారు. కాబట్టి ప్రతి పరికరంలో, కన్సోల్ సర్వర్‌లోనూ, ఒక లోకల్ యూజర్ ఉండాలి, సర్వర్ అందనప్పుడు లోకల్‌కు మళ్లేలా కాన్ఫిగర్ చేయాలి. ఇంకోటి, సిస్కోలో కన్సోల్ లైను ఎగ్జెక్-టైమౌట్ (ఏమీ టైపు చేయకపోతే బయటికి పంపేసే గడువు) డీఫాల్ట్‌గా 10 నిమిషాలు. విసుగనిపించి దాన్ని 0 0, అంటే గడువే లేకుండా, చేసేవాళ్లున్నారు. అలా చేసి ఎనేబుల్ ప్రాంప్ట్ (పూర్తి అధికారాలున్న స్థితి) మీద వదిలేస్తే, తర్వాత ఆ పోర్టు తెరిచినవాడికి పాస్‌వర్డే అక్కర్లేదు. టెల్నెట్ ఆపండి, ఎస్‌ఎస్‌హెచ్ ఒక్కటే, అదీ వీపీఎన్ లోపలి నుంచే రానివ్వండి.

పోర్ట్ లాగింగ్ తప్పకుండా పెట్టండి. స్విచ్ క్రాష్ అయి రీబూట్ అయితే దాని లోపలి లాగ్ చాలాసార్లు పోతుంది. క్రాష్ అయ్యే ముందు కన్సోల్ మీద కక్కిన చివరి లైన్లు మాత్రం కన్సోల్ సర్వర్ దగ్గర భద్రంగా ఉంటాయి. పెట్టె కొన్న డబ్బు ఈ ఒక్క దానితోనే తీరిపోతుంది.

చివరగా పరీక్ష. ఆఫీసులో ఒకరిని ఉంచి, మీరు ఇంట్లో మొబైల్ డేటా మీద కూర్చోండి. ఆఫీసు ఇంటర్నెట్ తీగ పీకించండి, ఫైర్‌వాల్ ఆఫ్ చేయించండి. అప్పుడు ఆఫ్ అయిన ఫైర్‌వాల్ తప్ప మిగతా ఐదు పరికరాల ప్రాంప్ట్‌లూ మీకు రావాలి. ఒక స్విచ్‌ను రీబూట్ చేసి మొదటి లైను నుంచి బూట్ మెసేజులు కనిపిస్తున్నాయో లేదో చూడండి. ఇది నెలకోసారి చేయండి. ఇదంతా అమరే లోపల రిమోట్‌గా ఏదైనా మార్చాల్సి వస్తే, సిస్కోలో ముందుగా సేవ్ చేసి 'రీలోడ్ ఇన్ 10' కొట్టండి. లింక్ పోతే పది నిమిషాల్లో పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది, పోకపోతే 'రీలోడ్ క్యాన్సిల్'.

ప్రశ్న: స్విచ్ కన్సోల్ నుంచి మెసేజులు వస్తున్నాయి, నేను టైపు చేసేది మాత్రం ఎక్కట్లేదు. కేబుల్ మార్చి చూశాను.
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: ముందు స్విచ్ ముందువైపు చూడండి. యూఎస్‌బీ కన్సోల్ పోర్టు ఉన్న సిస్కో స్విచ్‌లలో దానికి ల్యాప్‌టాప్ తగిలించి ఉంటే ఆర్‌జే-45 వైపు నుంచి టైపు చేసేది తీసుకోదు, మెసేజులు మాత్రం పంపుతూనే ఉంటుంది. ఎవరో వదిలేసిన ఆ యూఎస్‌బీ తీగను తీసేస్తే సరిపోతుంది. అదీ కాకపోతే కన్సోల్ సర్వర్ పోర్టులో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆన్ అయి ఉందేమో చూడండి. అవతలి నుంచి సీటీఎస్ ('పంపవచ్చు' అనే) సిగ్నల్ రాకపోతే మీ అక్షరాలు పెట్టెలోనే ఆగిపోతాయి.

ప్రశ్న: కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ రౌటర్ రామ్‌మాన్ (ROMMON, అసలు సాఫ్ట్‌వేర్ లేవక ముందుండే చిన్న ప్రోగ్రామ్) ప్రాంప్ట్ దగ్గరే ఆగిపోతోంది. కన్సోల్ సర్వర్ పెట్టక ముందు ఇలా లేదు.
– ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: మీ అనుమానం సరైనదే. సిస్కో రౌటర్ లేచే మొదటి 60 సెకన్లలో కన్సోల్ మీద బ్రేక్ సిగ్నల్ వస్తే రామ్‌మాన్‌లోకి వెళ్తుంది. రెండు పెట్టెలూ ఒకేసారి లేస్తుంటే, కన్సోల్ సర్వర్ తన సీరియల్ పోర్టులను సిద్ధం చేసుకునే క్షణంలో లైను బ్రేక్‌లా కనిపించే స్థితిలోకి పోవచ్చు. కన్సోల్ సర్వర్‌ను యూపీఎస్ మీదికి మార్చండి, రౌటర్ లేచేటప్పుడు అది నిలకడగా ఉంటుంది. ప్రస్తుతానికి రామ్‌మాన్‌లో 'రీసెట్' కొట్టి, లేచాక కాన్ఫిగ్ రిజిస్టర్ హెక్స్ 2102 గా ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న: మాది చిన్న ఆఫీసు, మూడే పరికరాలు. కన్సోల్ సర్వర్‌గా రాస్‌ప్బెరీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) చాలదా?
– ఒక పాఠకుడు, బొమ్మనహళ్లి

జవాబు: చాలుతుంది. పై మీదున్న జీపీఐఓ సీరియల్ పిన్నులను మాత్రం కన్సోల్ పోర్టుకు నేరుగా కలపకండి. అవి 3.3 వోల్టులవి, ఆర్ఎస్-232 వోల్టేజీకి చిప్ కాలిపోతుంది. ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డులో యూఎస్‌బీ నుంచి ఆర్‌జే-45 కన్సోల్ కేబుళ్లు మూడు తీసుకోండి, ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నవి అడిగి మరీ తీసుకోండి. ఎఫ్‌టీడీఐ చిప్‌కు మామూలుగా సొంత సీరియల్ నంబరు ఉంటుంది, కాబట్టి లినక్స్‌లో 'బై-ఐడీ' పేరుతో ఏ తీగ ఏ పరికరానిదో స్థిరంగా గుర్తించవచ్చు. సీహెచ్340 చిప్‌లకు సాధారణంగా ఆ నంబరు ఉండదు. అవే ఉంటే 'బై-పాత్' వాడి, ఏ తీగను ఏ యూఎస్‌బీ రంధ్రంలో గుచ్చారో మార్చకండి. లినక్స్ తనంతట తాను ఇచ్చే టీటీవైయూఎస్‌బీ0, 1, 2 నంబర్లను నమ్ముకుంటే ఒక రీబూట్ తర్వాత ఫైర్‌వాల్ అనుకుని స్విచ్‌లో కమాండ్లు కొడతారు. సీరియల్ పోర్టులను నెట్‌వర్క్ మీద అందించే సెర్2నెట్ ప్రోగ్రామ్ పెట్టి, దాన్ని 127.0.0.1 (పై తన సొంత లోపలి అడ్రసు) మీద మాత్రమే విననివ్వండి. ఎస్‌ఎస్‌హెచ్‌తో పై లోకి వచ్చి, అక్కడి నుంచి పోర్టు తెరుచుకోవచ్చు. ఎస్‌డీ కార్డ్ అదే సైజుది ఇంకోటి కాపీ తీసి ర్యాక్ తలుపుకు అంటించి ఉంచండి.