షెడ్డులో పని సాగాలంటే కెమెరాలు పెట్టాలా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాన్నగారి తర్వాత విజయవాడ ఆటోనగర్‌లో లారీలు బాగుచేసే షెడ్డు మీ చేతికొచ్చింది. పద్నాలుగు మంది పనివాళ్లు. రెండు రోజుల్లో వెళ్లాల్సిన బండి ఐదు రోజులు ఉండిపోతోంది, కుర్రాళ్లు ఎప్పుడు చూసినా ఫోన్లలో ఉంటున్నారు, పెద్ద మేస్త్రీ మీ మాట లెక్కచేయడం లేదు. కెమెరాలు పెట్టి, ఆలస్యమైన రోజు కూలి కోస్తే దారికొస్తారా అని అడిగారు. నేనూ ఇక్కడే చాలా ఏళ్లుగా షెడ్డు పనులు చూసుకుంటున్నాను. ఆ డబ్బు ఇప్పుడే ఖర్చు పెట్టకండి.

కుర్రాడు ఫోన్ చూస్తూ కనబడితే ముందు అతని పక్కనున్న బండి సంగతి చూడండి. అది దేనికోసం ఆగింది? గేర్‌బాక్స్ దించి విప్పారు, బేరింగ్ పోయింది. కొత్తది తేవాలంటే మిమ్మల్ని అడగాలి, మీరు బ్యాంకులో ఉండి ఫోన్ ఎత్తలేదు. ఎత్తాక మీరు లారీ ఓనరుకి చెప్పాలి, ఆయన ఎక్కడో లోడింగ్ దగ్గర ఉండి సాయంత్రం చెప్తానన్నాడు. పొద్దున పదకొండింటికి ఆగిన పని మర్నాడుగానీ మొదలవదు. ఈ మధ్యలో ఆ కుర్రాడు ఫోన్ చూడక ఏం చేస్తాడు? కెమెరా పెడితే ఫోన్ జేబులో పెట్టి స్పానర్ పట్టుకుని నిలబడతాడు, అంతే. బండి మాత్రం అక్కడే ఉంటుంది.

మా షెడ్డులో గోడకి ఒక తెల్ల బోర్డు ఉంది. బండి నంబరు, వచ్చిన తేదీ, ఇప్పుడు దేనికోసం ఆగింది, ఈ మూడే రాస్తాం. మూడో గడిలో స్పేరు, లేత్, ఓనరు ఒప్పుకోలు, డబ్బు, మనిషి, వీటిలో ఏదో ఒకటి పడుతుంది. ‘మనిషి’ అని పడేది చాలా తక్కువ. ఎక్కువసార్లు పడేది ‘ఓనరు ఒప్పుకోలు’. అందుకని బండి విప్పగానే పాడైన ప్రతి భాగాన్నీ ఫొటో తీసి, మొత్తం అంచనా ఒకేసారి ఓనరుకి వాట్సాప్‌లో పంపే పద్ధతి పెట్టాం. పూటకో ఫోన్ చేసి ‘ఇది కూడా పోయిందండీ’ అంటే ఆయనకి మనమీద అనుమానం, మనకి ఆలస్యం. రెండోది, రెండు వేల రూపాయల లోపు సామాను ఎవరినీ అడక్కుండా మేస్త్రీయే తెప్పించుకోవచ్చు, సాయంత్రం బిల్లులు చూసుకుంటాం. ఈ రెండిటితోనే బండ్లు తొందరగా కదలడం మొదలైంది.

1950లో జపాన్ వెళ్లి అక్కడి కంపెనీల పెద్దలకు నాణ్యత గురించి పాఠాలు చెప్పిన అమెరికన్ డెమింగ్, పనిలో వచ్చే ఇబ్బందుల్లో తన అంచనా ప్రకారం 94 శాతం పద్ధతిలోనే ఉంటాయనీ, దాన్ని సరిచేయాల్సింది యాజమాన్యమేననీ రాశాడు. అంత కచ్చితంగా లెక్క కట్టడం నావల్ల కాదుగానీ, మా బోర్డు చూసినప్పుడల్లా ఆ మాట నిజమనిపిస్తుంది.

ఇక కూలి కోయడం గురించి. ఇది దయచేసి చేయకండి. నేను పని నేర్చుకున్న షెడ్డులో ఒక హెల్పరు చక్రం బిగిస్తుంటే దాన్ని పట్టి ఉంచే స్టడ్ బోల్టు మర పోయిందని గమనించాడు. చెప్తే తనమీదే కోత పడుతుందని నట్టు పైపైన బిగించి ఊరుకున్నాడు. బండి లోడుతో బయల్దేరి ఇబ్రహీంపట్నం దాటకముందే చక్రం ఊగడం మొదలైంది. డ్రైవరు పసిగట్టి పక్కకి ఆపాడు కాబట్టి ప్రాణాలు దక్కాయి. స్టడ్ ఖరీదెంత, పోయేదెంత! టయోటా ఫ్యాక్టరీల్లో లైన్ మీద తేడా కనిపిస్తే ఏ కార్మికుడైనా తాడు లాగొచ్చు. టీమ్ లీడరు వెంటనే వస్తాడు, సరికాకపోతే లైనే ఆగుతుంది. మన దగ్గర తాడు అక్కర్లేదు. ‘అన్నా, ఇది పోయింది’ అని వచ్చిన కుర్రాడితో మీరు అనే మొదటి మాట ‘మంచి పని చేశావు, పద చూద్దాం’ అయితే చాలు. ఎలా పోయిందో తర్వాత అడగొచ్చు, అదీ పదిమందిలో కాదు.

పెద్ద మేస్త్రీ విషయం సున్నితం. మీరు నిక్కరేసుకున్నప్పటి నుంచి ఆయన మిమ్మల్ని చూస్తున్నాడు. అందరి ముందూ ఆర్డరేస్తే వినడు, వినాలని కూడా నేననుకోను. షెడ్డు తెరవకముందే టీ దగ్గర కూర్చోబెట్టి ‘బాబాయ్, ఈ వారం ఏ బండి ముందు పంపుదాం?’ అని అడగండి. ఆయన చెప్పిన వరసే బోర్డు మీద ఆయన చేతే రాయించండి. తను రాసిన మాట నిలబెట్టుకోవడానికి ఆయనే కుర్రాళ్ల వెంటపడతాడు. ఇంజిన్ చప్పుడు విని జబ్బు చెప్పగలిగే మనిషిని పోగొట్టుకుంటే మళ్లీ దొరకడు.

ఎండాకాలం వేళలు మార్చండి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకి రేకుల కింద, అందులోనూ ఛాసిస్ కింద దూరి మధ్యాహ్నం రెండింటికి పనిచేయమంటే తప్పులే వస్తాయి. బరువు పని పొద్దున ఏడింటి నుంచి పెట్టుకుంటే సరిపోతుంది.

కుర్రాళ్లు ఐదొందలు ఎక్కువిస్తే పక్క షెడ్డుకి పోతున్నారని కూడా రాశారు. వాళ్లకి ఈఎస్‌ఐ, అంటే కార్మికుల వైద్య బీమా, కట్టారా? పదిమంది దాటారు కాబట్టి మీకు వర్తిస్తుంది. నెల జీతం 21,000 లోపున్నవాళ్లకి మీ వంతు 3.25 శాతం, వాళ్ల వంతు 0.75 శాతం. భార్యకో అమ్మకో ఒంట్లో బాగోకపోతే గుణదల ఈఎస్‌ఐ ఆసుపత్రికి కార్డుతో వెళ్లొచ్చిన కుర్రాడు ఐదొందల కోసం అంత తేలిగ్గా మారడు. మా దగ్గర నిలబడ్డవాళ్లలో చాలామంది అలా నిలబడ్డవాళ్లే.

కెమెరా కావాలంటే గేటు దగ్గరొకటి, స్పేర్ల గది దగ్గరొకటి పెట్టుకోండి, దొంగతనాలకి పనికొస్తాయి. బోర్డు మాత్రం రేపే కొనండి. ఓ నెల రాశాక మూడో గడిలో ఏది ఎక్కువ పడిందో ఇక్కడ చెప్పండి, దాన్నిబట్టి తర్వాతేం చేయాలో మాట్లాడుకుందాం.