తొలి కాన్పుకు అప్పు చేయాలా? ముందు మీ పే స్లిప్ చూడండి

ప్రశ్న: మేడమ్, మాది విజయవాడ. మా ఆయన ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ కంపెనీలో చేస్తారు, జీతం 19,500. నేను ఒక బట్టల షోరూమ్‌లో బిల్లింగ్ కౌంటర్‌లో రెండేళ్ళుగా చేస్తున్నాను, 13,000. కోతలు పోను ఇద్దరికీ కలిపి చేతికొచ్చేది 29,650. అద్దె 6,500, ఇంటి సరుకులు, పాలు, కూరగాయలు, గ్యాస్ 8,500, కరెంటు, ఫోన్లు, పెట్రోలు 3,200, అత్తయ్యకు పంపేది 2,000, బండి కిస్తీ 2,900 (ఇంకా 7 నెలలుంది), లక్ష రూపాయల చీటీకి 5,000 (20 నెలల్లో 9 కట్టాం). బ్యాంకులో 38,000 ఉంది. బీరువాలో రెండు కాసుల బంగారం ఉంది. నాకిప్పుడు ఐదో నెల. ఏడో నెల తర్వాత మానేసి, బిడ్డ పెద్దయ్యాక రమ్మంటున్నారు మా ఓనరు. ప్రైవేటు ఆసుపత్రిలో కాన్పుకు 70 వేలు చెప్పారు. మా నాన్న నూజివీడు దగ్గర కౌలు రైతు. మొదటి కాన్పు మాదేనంటూ సీమంతానికీ కాన్పుకూ కలిపి మూడు రూపాయల వడ్డీకి లక్ష తెస్తానంటున్నారు. చీటీ పాడాలా, నాన్నను అప్పు తేనివ్వాలా? పుట్టబోయే బిడ్డ పేరు మీద నెలకు 2,500 పాలసీ కట్టమని ఏజెంటు తిరుగుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందుగా శుభాకాంక్షలు. లెక్కలు ఇంత వివరంగా రాసినందుకు సంతోషం. చీటీ గురించి అడిగారు, అప్పు గురించి అడిగారు, పాలసీ గురించి అడిగారు. వీటన్నిటికంటే పెద్ద విషయం మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో వచ్చి వెళ్ళిపోయింది. అది మీ ఉద్యోగం మానేయడం.

ఒకసారి కూడి చూడండి. మీ నెల ఖర్చు 28,100. మీ జీతం ఆగితే ఇంటికొచ్చేది కోతలు పోను మీవారి 17,750 మాత్రమే. నెలకు 10,350 తక్కువ పడుతుంది. బ్యాంకులో ఉన్న 38,000 నాలుగు నెలలు తిరక్కుండానే ఖాళీ అవుతుంది. ఇందులో ఆసుపత్రి ఖర్చు ఒక్క రూపాయి కూడా కలపలేదు. తొలి బిడ్డ అనగానే అందరూ ఉయ్యాల, బట్టలు, డైపర్లు లెక్కేస్తారు. మీలాంటి ఇంట్లో అసలు ఖర్చు ఆగిపోయే జీతం.

ఇప్పుడు మీ పే స్లిప్ తీయండి. కోతల్లో ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) అని ఒక గీత ఉంటుంది. నెల జీతం 21,000 లోపు ఉన్నవారికి జీతంలో 0.75 శాతం కోస్తారు, యాజమాన్యం మరో 3.25 శాతం కలిపి కడుతుంది. మీ 13,000 మీద అది 98 రూపాయలు, మీవారి 19,500 మీద 147 రూపాయలు. రెండేళ్ళుగా కడుతున్నారు, దేనికని అడిగి ఉండరు. ఆ 98 రూపాయలకు బదులుగా మీకు రావలసింది 26 వారాల పూర్తి జీతం. కాన్పు తేదీకి ముందున్న రెండు చందా కాలాల్లో కలిపి కనీసం 70 రోజుల చందా పడి ఉంటే చాలు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒక కాలం, అక్టోబరు నుంచి మార్చి దాకా ఇంకొకటి. ఇరవయ్యారు వారాలంటే 182 రోజులు. మీ జీతం మీద సుమారు 78 వేలు అవుతుంది. మీ నాన్నగారు అప్పు తెస్తానన్న లక్షలో ముప్పాతికకు పైగా మీ సొంత హక్కుగా ఉంది.

అందుకే గట్టిగా చెబుతున్నాను, రాజీనామా రాసివ్వకండి. మానేయడం వేరు, ప్రసూతి సెలవు పెట్టడం వేరు. మానేస్తే తిరిగి అడగడానికి ఉద్యోగం ఉండదు, ఈఎస్‌ఐ డబ్బు దగ్గరా చిక్కులు తెచ్చుకున్నవారవుతారు. ఓనరుతో గొడవ పడక్కర్లేదు. చాలామంది చిన్న యజమానులు ఆర్నెల్ల జీతం తమ జేబులోంచి ఇవ్వాలని భయపడతారు. ఈఎస్‌ఐలో ఉన్న ఉద్యోగికి ఆ డబ్బు ఇచ్చేది ఈఎస్‌ఐ సంస్థే. "సార్, మీరు రూపాయి ఇవ్వక్కర్లేదు, సెలవు కాగితం మీద సంతకం చాలు" అని చెప్పి చూడండి. ప్రసూతి ప్రయోజనం అందుకుంటున్న కాలంలో ఉద్యోగంలోంచి తీసేయడానికి చట్టం ఒప్పుకోదన్నది కూడా మనసులో ఉంచుకోండి. అవసరమైతేనే ఆ మాట తీయండి.

ఒక జాగ్రత్త. కోత పడుతున్నంత మాత్రాన చందా జమ అవుతోందని అనుకోవద్దు. మీ ఇన్సూరెన్స్ నంబరుతో ఉమంగ్ యాప్‌లో గానీ, ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో గానీ నెల నెలా జమ అయిందో లేదో చూసుకోండి. ఇప్పుడే చూస్తే సరిచేయించుకోవడానికి టైముంటుంది. తొమ్మిదో నెలలో తెలిస్తే ఆ తిరుగుడు మీవల్ల కాదు.

26 వారాల్లో 8 వారాల దాకా కాన్పుకు ముందు వాడుకోవచ్చు. ఎంత తక్కువ వాడితే బిడ్డ పుట్టాక అంత ఎక్కువ మిగులుతుంది. కానీ మీది రోజంతా నిలబడే పని. కాళ్ళు వాచినా, బీపీ పెరిగినా డాక్టరు మాటే చివరి మాట, సెలవు పొదుపు చేయాలని ఒంటిమీదికి తెచ్చుకోకండి. కౌంటర్ దగ్గర ఒక స్టూలు వేయించుకోండి. ఇది అడగడానికి మొహమాటం వద్దు.

ఈ డబ్బు జీతంలా ఒకటో తారీఖున పడదు. సర్టిఫికెట్లు, క్లెయిములు, ఒకట్రెండు నెలల ఎదురుచూపు ఉంటాయి. బ్యాంకులో ఉన్న 38,000 పని అదే. దాన్ని సీమంతానికో ఉయ్యాలకో తీయకండి.

ఇక కాన్పు ఎక్కడ? మీరిద్దరూ ఈఎస్‌ఐలో ఉన్నారు, అంటే గుణదల ఈఎస్‌ఐ ఆసుపత్రి మీ హక్కు. ప్రభుత్వాసుపత్రిని తీసుకున్నా, 2011 నుంచి అమల్లో ఉన్న జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద మామూలు కాన్పైనా ఆపరేషనైనా, మందులు, పరీక్షలు, రక్తం, తల్లికి భోజనం అన్నీ ఉచితం. నొప్పులొస్తే 108 వస్తుంది, తిరిగి ఇంటికి చేర్చడానికి 102 తల్లీ బిడ్డా ఎక్స్‌ప్రెస్ ఉంది. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి. ప్రభుత్వాసుపత్రి అంటే మీ ఇంట్లో భయపడతారని తెలుసు. భయాన్ని తప్పు పట్టను, కానీ చూడకుండా భయపడకండి. వెళ్ళి వార్డు చూడండి, అక్కడ కాన్పయిన ఒకరిద్దరితో మాట్లాడండి.

అయినా ప్రైవేటే కావాలంటే ఆ 70 వేలు దేనికో విడివిడిగా అడగండి. మామూలు కాన్పుకా, సిజేరియన్‌కా? పిల్లల డాక్టరు ఫీజు అందులో ఉందా? బిడ్డను ఎన్‌ఐసీయూలో (పసిబిడ్డల ఐసీయూ) పెట్టాల్సి వస్తే రోజుకు ఎంత? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ కాన్పుల్లో 42 శాతం సిజేరియన్లే. కాబట్టి ఆపరేషన్ ఖర్చునే అసలు ఖర్చుగా లెక్క వేసుకోవాలి, మామూలు కాన్పయితే మిగులు అనుకోవాలి. ఇప్పుడు కొత్తగా ఆరోగ్య బీమా తీసుకుంటే ఈ కాన్పుకు పనికిరాదు, ప్రసూతి ఖర్చుకు వాటిలో ఎదురుచూసే కాలం ఉంటుంది.

ప్రధానమంత్రి మాతృ వందన యోజన 5,000 గురించి కూడా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. తొలి కాన్పుకు 3,000, 2,000 చొప్పున రెండు విడతల్లో వస్తుంది. వేరే చట్టం కింద ఇలాంటి ప్రయోజనమే పొందుతున్నవారికి అది వర్తించదు కాబట్టి మీరు లెక్కలో వేసుకోకండి. ఈఎస్‌ఐ లేని చెల్లెళ్ళు, ఇంటి దగ్గర కుట్టుపని చేసేవారు, కూలికి వెళ్ళేవారు మాత్రం అంగన్‌వాడీలో అడిగి తప్పకుండా పెట్టుకోవాలి. పోషకాహారం కోసం మీరు కూడా అంగన్‌వాడీలో పేరు రాయించుకోండి.

చీటీ సంగతి. ఇప్పుడు పాడకండి. పదో నెలలో పాడితే వదులుకోవాల్సిన మొత్తం చాలా ఉంటుంది, తర్వాత పది నెలలు కట్టాల్సిందే. పైగా పాట దక్కాక జామీనులు, కాగితాలు అయ్యేసరికి వారాలు పడుతుంది, అర్ధరాత్రి ఆపరేషన్‌కు అక్కరకొచ్చే డబ్బు కాదది. చివరిదాకా ఉంచితే కమిషన్ పోను 95 వేల దాకా చేతికొస్తుంది. అప్పటికి బిడ్డకు ఆరేడు నెలలు. మీకు ఈఎస్‌ఐ డబ్బు అయిపోయి, తిరిగి పనికెళ్ళాలా, బిడ్డను ఎవరు చూస్తారు అని తల పట్టుకునే సమయం సరిగ్గా అదే. ఈలోగా బండి కిస్తీ కూడా తీరి 2,900 మిగులుతుంది. ఇదంతా మీది రిజిస్టరైన చీటీ అయితేనే. వీధిలో తెలిసినావిడ వేసే చీటీ అయితే మాత్రం, కాస్త నష్టమైనా ముందే పాడి ఆ డబ్బు బ్యాంకులో వేయండి.

నిజంగా అత్యవసరం వస్తే బీరువాలోని రెండు కాసులున్నాయి. బ్యాంకులో తాకట్టు పెడితే రూపాయి వడ్డీ లోపే అవుతుంది. మూడు రూపాయలంటే లక్షకు నెలకు మూడు వేలు, ఏడాదికి 36 వేలు. కౌలు రైతు ఇంట్లో ఆ 36 వేలు ఎక్కడినుంచి వస్తాయి?

ఇది రాస్తుంటే నా చెయ్యి ఆగింది. నా సీమంతానికి మా అమ్మ కూడా ఇలాగే రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది. నాకు తెలిసింది నాలుగేళ్ళ తర్వాత, అప్పటికీ ఇంకా కడుతూనే ఉంది. ఆ రోజు పట్టుచీర కట్టుకుని కూర్చున్న ఫొటో నేను ఇప్పటికీ చూడలేను. మీ నాన్నగారిది పరువు కోసం తాపత్రయం మాత్రమే కాదు, ప్రేమ కూడా. అందుకని వద్దని కొట్టిపారేయకండి. ఇంట్లోనే ఐదుగురు ముత్తైదువలను పిలిచి గాజులు తొడిగించమని, చలిమిడి పెట్టమని అడగండి. పురిటికి పుట్టింటికి వెళ్తే వాళ్ళు చేసిపెట్టే కాయం, పథ్యం, మూడు నెలల విశ్రాంతి డబ్బుతో కొనలేనివి. "నాన్నా, మీరు పెట్టాల్సింది అదే" అని మీరే చెప్పండి. అల్లుడు చెప్పేకంటే కూతురు చెబితే వింటారు. బారసాలకు ఏం తేవాలని అడిగే బంధువులకు వెండి మొలతాడు ఒక్కరు తెస్తే చాలని, మిగిలినవాళ్ళు చదివింపులు డబ్బుగా ఇవ్వమని మొహమాటం లేకుండా చెప్పించండి.

వస్తువుల గురించి పెద్దగా చెప్పను. పుట్టకముందే కొనకూడదన్న మన ఇళ్ళ పట్టింపు ఈ ఒక్క విషయంలో జేబుకు మేలు చేస్తుంది. మెత్తని పాత నూలు చీరలు ఉతికి లంగోటీలు, పక్కబట్టలు చేసుకోండి. డైపర్ రాత్రిపూట, ప్రయాణంలో చాలు. టీకాలు పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఉచితం. పుట్టినప్పుడు వేసేవి, తర్వాత 6, 10, 14 వారాలకు, 9 నెలలకు ఉండేవి, అన్నీ అక్కడే వేయించవచ్చు. జనన నమోదు 21 రోజుల్లోపు చేయించండి.

పిల్లల పాలసీ వద్దు. నెలకు మీకు మిగిలేది 1,550, అతను అడుగుతున్నది 2,500. బిడ్డకు బీమా కావాల్సింది బిడ్డ మీద కాదు, సంపాదించే తండ్రి మీద. మీవారి పేరున 50 లక్షల టర్మ్ పాలసీ (మనిషికి ఏమైనా అయితేనే డబ్బు వచ్చే బీమా), ఆయన వయసు, అలవాట్లను బట్టి, నెలకు ఏడెనిమిది వందలు అవుతుంది. బండి కిస్తీ తీరగానే తీసుకోండి. అప్పటిదాకా బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవన జ్యోతి జీవిత బీమా, 20 రూపాయల సురక్షా ప్రమాద బీమా చేయించండి. పీఎఫ్‌తో పాటు కనీసం రెండున్నర లక్షల బీమా కూడా ఉంటుంది, కానీ పెళ్ళయ్యాక పాత నామినేషన్ చెల్లదు. మీవారి పీఎఫ్‌లో ఇంకా ఆయన అమ్మగారి పేరే ఉండి ఉంటుంది. ఫోన్‌లోనే మార్చవచ్చు, ఈ రాత్రే మార్పించండి. ఆడపిల్ల పుడితే సుకన్య సమృద్ధి ఖాతా ఏడాదికి 250తోనైనా తెరవవచ్చు, దానికి తొందరేం లేదు.

షోరూమ్‌కు ఈ వారం సెలవు ఎప్పుడో ఆ రోజే ఇద్దరూ ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి వెళ్ళిరండి. ఇద్దరి పే స్లిప్‌లు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఇప్పటిదాకా తీయించిన స్కానింగ్ రిపోర్టులు పట్టుకెళ్ళండి. మీ ఓనరుతో మాట్లాడేది అక్కడినుంచి వచ్చాకే.